పంజాగుట్ట పిల్లరు మీద బట్టతల

రవికాంత్ అమీర్‌పేటలో డేటా రక్షణ చట్టం చెప్తాడు. లాయరేమీ కాదు. అంతకు ముందు చాలా ఏళ్లు అదే గదిలో, అదే బోర్డు ముందు నిలబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పాడు. ఆ కోర్సుకు జనం పలచబడ్డాక ఇన్‌స్టిట్యూట్ యజమాని బుచ్చిబాబు గారు ఓ రోజు పిలిచి, "ఏవండీ, కొత్త చట్టమేదో వచ్చిందంట, కంపెనీలన్నీ భయపడి చస్తున్నాయంట. అదేదో మనమే చెప్పేస్తే పోలా?" అన్నాడు. రవికాంత్ రెండు వారాలు తలుపేసుకుని చట్టం చదివాడు. మూడో వారానికి నిపుణుడయ్యాడు. అమీర్‌పేటలో నిపుణులు తయారయ్యే పద్ధతే అది.

అయినా బాగానే చెప్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "కస్టమరు మీ కంపెనీకి ఫోన్ నంబరు ఇచ్చాడంటే ఇల్లు అద్దెకిచ్చాడన్నమాట. ఉండమన్నాడు. గోడలు పగలగొట్టుకోమనలేదు, మేడ మీద మీ బావమరిదిని దించమనలేదు" అంటాడు. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు, ఇంటర్వ్యూల్లో అదే మాట చెప్పి ఉద్యోగాలు కూడా తెచ్చుకుంటారు.

ఆ సోమవారం పొద్దుటి క్లాసులో పాఠం 'సమ్మతి'. ఒక మనిషి వివరాలు వాడుకోవాలంటే అతను స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని తెలిసి, స్పష్టంగా ఒప్పుకోవాలి. రవికాంత్ 'స్పష్టంగా' దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల వాళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. ఒకమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంది. ముందు బెంచీలో కూర్చునే సురేందర్ లేచాడు. వరంగల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవాడు, మర్యాదస్థుడు.

"సార్, జర ఒక డౌట్. పంజాగుట్టల మెట్రో పిల్లరు మీద ఉన్నది మీరేనా?"

రవికాంత్ ఫోన్ అందుకుని చూశాడు. ఒక ప్రకటన. ఎడమ పక్క అతని ముఖం, పైన ట్యూబ్‌లైటు వెలుగులో తళతళలాడే బట్టతల, ఆఖరి బస్సు తప్పిపోయినవాడి చూపు. కుడి పక్క అదే ముఖం, ఒత్తయిన క్రాపు, పెళ్లికొడుకు నవ్వు. మధ్యలో ఎర్ర బాణం. పైన ఇంతేసి అక్షరాలు: 'బట్టతలకు బైబై. ఆత్మవిశ్వాసానికి హాయ్‌హాయ్. శిరోభాగ్యం క్లినిక్, పంజాగుట్ట.'

ముక్కు పక్కన పుట్టుమచ్చ రెండు ఫొటోల్లోనూ ఉంది. మీసం కూడా.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. నాలుగేళ్ల కిందట రవికాంత్‌కి సంబంధాలు వరసగా తప్పిపోతుండేవి. సుమశ్రీ సంబంధం వచ్చినప్పుడు మధ్యవర్తి ముందే హెచ్చరించాడు. పిల్ల తల్లి జానకీదేవి గారికి కులం, జీతం, జాతకం అన్నీ ఆ తర్వాతే. ముందు తల చూస్తుంది. "ముప్పై ఏళ్లు మా ఆయన బట్టతల చూస్తూ కాఫీ తాగాను, నా కూతురికి ఆ ఖర్మ వద్దు" అని రాజమండ్రిలో అందరికీ చెప్పుకునేదావిడ. రవికాంత్ పెళ్లిచూపులు ఏడాది వాయిదా వేయించి, ఎవరికీ చెప్పకుండా పంజాగుట్టలో ఆపరేషన్ చేయించుకున్నాడు. తల వెనకాల ఖాళీగా కూర్చున్న వెంట్రుకల్ని డిప్యుటేషన్ మీద ముందుకు పంపారు. అవి బుద్ధిగా పనిచేశాయి. పెళ్లిచూపుల్లో జానకీదేవి గారు అతని నుదుటి నుంచి చూపు మొదలుపెట్టి, పైకి వెళ్లి, తృప్తిగా కిందికి దిగింది. పెళ్లిలో మాత్రం బట్టతల తండ్రిని తలపాగా తియ్యనివ్వలేదు రవికాంత్. "మా వంశంలోనే జుట్టు గట్టిది" అని సుమశ్రీతో ఒకసారి నోరుజారి, ఆ తర్వాత ఆ మాట మీదే ఉండిపోయాడు.

ఇప్పుడు గదిలో అందరూ అతని ముఖం కాకుండా, ముఖానికి కొంచెం పైన చూస్తున్నారు.

"నేను కాదు" అన్నాడు రవికాంత్. ఆ ముక్క ఒక్కటీ ఎవరూ నమ్మేలా లేరని తెలిసి, ఇంకో ముక్క చేర్చాడు. "ఎవడో ఏఐతో చేశాడు. మన అనుమతి లేకుండా మన ముఖం తీసుకుని ఇలా తయారుచేస్తున్నారు."

క్లాసు ఒక్కసారిగా సార్ పక్షం అయిపోయింది. "మస్తు కేసు సార్, వదలొద్దు" అన్నాడు సురేందర్. మిగతా గంటంతా శిరోభాగ్యం క్లినిక్ చేసిన తప్పులు ఎన్ని అన్నదే పాఠం. రవికాంత్ స్వయంగా బోర్డు మీద రాశాడు. రాస్తున్నకొద్దీ తనకే నమ్మకం కుదిరింది.

క్లాసు అయిపోయి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. జానకీదేవి గారు. బంధువుల గృహప్రవేశానికని వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో వీళ్లింట్లోనే దిగింది. చీరల కోసం ఆటోలో పంజాగుట్ట వైపు వెళ్లింది.

"అల్లుడు గారూ, మీకు అన్నయ్యగానీ ఉన్నారా?"

"లేరండి అత్తయ్య గారూ."

"మరి మా ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. ఎదురుగా పిల్లరు మీద అచ్చం మీలాగే ఒకాయన ఉన్నారు. సగం మీలాగా, సగం మా ఆయనలాగా."

రవికాంత్ ఏఐ సంగతి ఆవిడకీ చెప్పాడు. ఆవిడ అటునుంచి అటే కూతురికి చెప్పింది. సుమశ్రీ బేగంపేటలో ఒక కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తుంది. మనుషుల్ని మర్యాదగా ఏడిపించడంలో ఆమెకు జీతమిచ్చి మరీ తర్ఫీదు ఇప్పించారు. వెంటనే ఫోన్ చేసింది. "మీరు టెన్షన్ పడకండి. నేను సగం రోజు సెలవు పెట్టాను. అమ్మా నేనూ ఆ క్లినిక్‌కి వెళ్తున్నాం. మా ఆయనకి బట్టతల అంటగడతారా, చూస్తాను."

"వద్దు సుమా, నోటీసు ఇద్దాం. చట్ట ప్రకారం..."

"చట్టం మీరు చూసుకోండి. నోరు నేను చూసుకుంటాను."

ఆ ప్రేమకి రవికాంత్‌కి కళ్లు చెమర్చాల్సింది. చెమటలు పట్టాయి. వాళ్లకన్నా ముందు చేరాలి. మెట్రో ఒక్క స్టేషనే, కానీ అందులో కూర్చున్నవాళ్లందరూ ఆ పిల్లరు చూసుకుంటూ వచ్చినవాళ్లే అయ్యుంటారని భయమేసి, నెత్తి మీద జేబురుమాలు పరుచుకుని ఎండలో నడిచాడు. పిల్లరు కింద ఒక కొబ్బరిబోండాల బండి ఉంది. బండి దగ్గర నిలబడ్డాయన బోండాం తాగుతూ పైకి చూశాడు, తర్వాత రవికాంత్‌ని చూశాడు, మళ్లీ పైకి చూశాడు. రవికాంత్ దాదాపు పరుగెత్తాడు.

శిరోభాగ్యం క్లినిక్ యజమాని పేరు బుల్లబ్బాయి. డాక్టరు కాదు. డాక్టరు వేరే ఉన్నాడు, ఆపరేషన్లకి వచ్చి వెళ్తాడు. బుల్లబ్బాయి కృష్ణానగర్‌లో ఉండి సినిమావాళ్లకి విగ్గులు కట్టినవాడు, భీమవరం మనిషి. రవికాంత్‌ని చూడగానే రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు.

"రండి బాబూ రండి. మీ తలకాయ మా క్లినిక్‌కే కిరీటమండి. ఆ ఫొటో ఎక్కిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగట్లేదండి."

"ఎవర్నడిగి ఎక్కించారు?"

"మిమ్మల్నేనండి. మీరు ఒప్పుకున్నారు కదా."

"ఎప్పుడు?"

"ఆపరేషన్ రోజునండి. గంటల తరబడి కూర్చోవాలి, క్రికెట్ చూసుకుంటాను, వైఫై కావాలన్నారు. ట్యాబ్ ఇచ్చాం. 'అంగీకరిస్తున్నాను' అని వస్తే నొక్కారు. దాన్లోనే ఉందండి, ఫొటోలు ప్రచారానికి వాడుకోవచ్చని."

రవికాంత్‌కి గుర్తొచ్చింది. నొక్కాడు. చదవకుండా ఏదీ నొక్కకూడదని ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెప్పే మనిషి, అప్పటికింకా టెస్టింగ్ చెప్పుకుంటున్న అమాయకుడు, ఓవర్ మొదలైపోతోందని నొక్కేశాడు.

"వైఫై కోసం ఇచ్చిన సమ్మతి వైఫైకే. తలకి కాదు" అన్నాడు గంభీరంగా.

"ఆ సంగతులు మా డేటా మేడమ్ చూస్తారండి. నెల కిందటే పెట్టుకున్నాం, కొత్త చట్టానికి భయపడి" అంటూ బుల్లబ్బాయి లోపలికి పిలిచాడు.

వచ్చినావిడ నవీన. అతని పాత విద్యార్థినే, సిద్దిపేట అమ్మాయి. పోయినేడు పొద్దుటి బ్యాచ్‌లో కిటికీ పక్కన కూర్చునేది.

"నమస్తే సార్. ఈ ఫొటో మీదని నాకు ఇయ్యాల పొద్దుగాలనే తెలిసింది. పిల్లరెక్కిచ్చేటప్పుడు నన్నెవరూ అడగలే."

"మరి దింపించమ్మా. చట్టం నీకు తెలుసు కదా."

"తెలుసు సార్. చట్టమైతే ఉన్నది, నిబంధనలు సుత వచ్చినయి. కానీ కంపెనీల మీద అసలు బాధ్యతలు మొదలయ్యేటందుకు ఇంకా గడువున్నది. గా గడువు దాకా ఎవరూ ఫికర్ చెయ్యక్కర్లేదని మీరే చెప్పిన్రు. నేను రాసుకున్న."

"అది ఇంటర్వ్యూల కోసం చెప్పాను."

"కంపెనీలకు సుత గదే నచ్చింది సార్." నవీన గొంతులో వెటకారం లేదు, అదే ఇబ్బందిగా ఉంది. "ఒకటడుగుత, ఏమనుకోకున్రి. మీ డెమో క్లాసుకు వచ్చినప్పుడు నా నంబరు ఇచ్చిన. సాయంత్రానికల్లా లోన్ కావాల్నా అని ఒకడు, ప్లాటు కావాల్నా అని ఇంకొకడు. ఆఖరికి పెళ్లి సంబంధాలోళ్లు సుత చేసిన్రు. నాకు చెప్పకుండ నువ్వే పేరిచ్చుకున్నవా అని మా నాయన మాట్లాడుడే బంద్ చేసిండు. ఆ నంబర్లు ఎటు పోతున్నయో మీకు తెలుసు కద సార్?"

తెలుసు. డెమో క్లాసుకొచ్చిన వాళ్ల నంబర్లు బుచ్చిబాబు గారు ఎవరెవరికో పంచుతాడని ఆ భవనంలో లిఫ్టుకి కూడా తెలుసు. రవికాంత్ ఎప్పుడూ అడగలేదు. అడిగితే పాఠానికీ పనికీ మధ్య గోడ కూలుతుందని అడగలేదు.

అంతలో అద్దాల తలుపులోంచి సుమశ్రీ, ఆమె వెనకాల జానకీదేవి గారు మెట్లెక్కుతూ కనిపించారు. చట్టం చదివిన మనిషి ఏ సెక్షనూ గుర్తురాక, పక్కనున్న పరదా వెనక్కి దూరాడు. అక్కడ ఒక కుర్చీ, ఒక అద్దం, రకరకాల విగ్గులు తొడిగిన బొమ్మ తలలు ఉన్నాయి. వాటి మధ్య జేబురుమాలు వేసుకున్న తల కూడా ఒకటి చేరింది.

"ఇక్కడ బాధ్యులు ఎవరు?" సుమశ్రీ గొంతు. చాలా మృదువుగా ఉంది. అంటే పరిస్థితి బాగాలేదు. "బయట పిల్లరు మీద మా వారి ఫొటో ఉంది. ఆయనకి ఏఐతో బట్టతల పెట్టారు."

"ఏఐ ఏంటండీ?" బుల్లబ్బాయికి నిజంగానే దెబ్బ తగిలింది. "ఒక్కో వెంట్రుకా చేత్తో నాటించి..."

"సార్, మీరు ఆగున్రి" అంది నవీన. "మేడమ్, మా దగ్గరికి ఎవరొచ్చిన్రో, ఎవరు రాలేదో మేం చెప్పం. గోప్యత."

"గోప్యతా?" ఈసారి జానకీదేవి గారు. "రోడ్డు మీద నిలువెత్తు బొమ్మ కట్టి, ఊరందరికీ చూపించి, ఇంట్లోవాళ్లు వచ్చి అడిగితే గోప్యతా? ఇదెక్కడి చోద్యం తల్లీ?"

"బయటది తప్పే అమ్మా. నేను కాదంటలేను. దాన్ని దింపిస్త. కానీ ఒక తప్పు అయిందని ఇంకోటి చెయ్యలేను."

"నేను ఆయన భార్యని" అంది సుమశ్రీ.

"భార్యకైనా అంతే మేడమ్. ఏదన్నా ఉంటే ఆయన్నే అడగున్రి. చెప్పాల్నా వద్దా అన్నది ఆయన ఇష్టం."

పరదా వెనక రవికాంత్ కదలకుండా నిలబడ్డాడు. వృత్తిపరమైన గోప్యత గురించి అతను ఎన్ని బ్యాచ్‌లకి చెప్పాడో లెక్కలేదు. బోర్డు మీద అండర్‌లైన్ చేసి చెప్పాడు, ప్రశ్నలడిగాడు, మార్కులు వేశాడు. ఒక మనిషి దాన్ని బెదిరింపుల మధ్య నిలబడి పాటిస్తుంటే వినడం ఇదే మొదటిసారి. పైగా కాపాడుతున్నది తన అబద్ధాన్ని. అటు సుమశ్రీ, పోలీసు స్టేషన్ పక్కనే ఉంది, ఫిర్యాదు రాసిస్తాను, ఈ అమ్మాయి ఉద్యోగం కూడా ఉండదు అంటోంది, అదే మృదువైన గొంతుతో. పోలీసు మాట వినగానే బుల్లబ్బాయి, చెప్పెయ్యమన్నట్టు నవీన వైపు కోపంగా చూసి ఉంటాడు, ఎందుకంటే నవీన "చూడకున్రి సార్, చెప్పను" అంది.

రవికాంత్ పరదా జరిపాడు. జేబురుమాలు ఇంకా నెత్తి మీదే ఉంది.

"ఆ అమ్మాయిని ఏమీ అనకు సుమా. ఏఐ లేదు, ఏమీ లేదు. ఆ బట్టతల నాదే." న్యాయంగా ఉండాలని మిగతాది కూడా చెప్పాడు. "జుట్టు కూడా నాదే. వెనకది."

బుల్లబ్బాయి తన పనితనానికి సాక్ష్యం దొరికినందుకు తేరుకుని, "చేతిపని అండి" అన్నాడు.

సుమశ్రీ భర్త వైపు చూసింది. కోపం కాదది. ఉద్యోగంలోంచి తీసేసే ముందు ఫైలు మూసేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు చూసే చూపు. "మీ కోసం సెలవు పెట్టి వచ్చి, ఈ పిల్లని ఉద్యోగం పోతుందని బెదిరించాను" అంది. నవీనకి క్షమించమని చెప్పి, వెళ్లిపోయింది.

జానకీదేవి గారు వెళ్లలేదు. అల్లుడి దగ్గరికొచ్చి, జేబురుమాలు తీసి, వేళ్లతో క్రాపు పాయలు చేసి చూసింది.

"లాగితే వస్తుందా?"

"రాదండి అత్తయ్య గారూ."

లాగింది. రాలేదు. బుల్లబ్బాయి వైపు తిరిగింది. "మా అబ్బాయి హనుమత్ప్రసాద్‌కి కూడా ఈ మధ్య ముందర పలచబడుతోంది. వాడి సంగతి చెప్పాలంటే..."

"అమ్మా," అంది నవీన అలిసిపోయిన గొంతుతో, "మీ అబ్బాయి సంగతి మీ అబ్బాయినే చెప్పుకోనియ్యున్రి."

పిల్లరు మీది బొమ్మ దిగడానికి రెండు రోజులు పట్టింది. బుల్లబ్బాయికి ఆ ఫొటో వదులుకోవడం ఇష్టం లేక, మనిషిని పంపించి కళ్ల మీద నల్ల పట్టీ వేయించాడు. దాంతో రవికాంత్ బట్టతల మనిషి నుంచి పరారీలో ఉన్న నేరస్థుడయ్యాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గేటు తీస్తూ, "పోలీసోళ్లేమన్న వస్తే ఏం చెప్పాలె సార్?" అని అభిమానంగా అడిగాడు. చివరికి నవీన, ఆపరేషన్లు చేసే డాక్టరుకి ఫోన్ చేసి, పేషెంటు ముఖం ఇలా బజారున పెడితే ముందు ప్రశ్న వచ్చేది మీ డాక్టరు రిజిస్ట్రేషన్ మీదికే అని చెప్పింది. ఆ సాయంత్రమే పిల్లరు ఖాళీ అయింది.

ఇంట్లో మాత్రం సుమశ్రీ మాట్లాడలేదు. జానకీదేవి గారు రాజమండ్రి బండెక్కాక సుమశ్రీ ఒక్కటే అడిగింది.

"బట్టతల ఉందని చెప్పుంటే ఏమయ్యేది?"

"మీ అమ్మ గారు ఒప్పుకునేవారు కాదు."

"పెళ్లి మా అమ్మతోనా?"

రవికాంత్ అలవాటుగా క్రాపు సవరించుకోబోయి చెయ్యి దించేశాడు.

"బట్టతల మీ సొంత విషయం. దాచుకుంటే దాచుకున్నారు, నేను అడగలేదు. ఏఐ అన్నారు చూడండి, నేను నమ్మి మీ తరఫున రోడ్డెక్కాను. అది మీ సొంత విషయం కాదు" అంది. ఇన్ని బ్యాచ్‌లు చెప్పినా రవికాంత్‌కి ఆ తేడా ఇంత సూటిగా చెప్పడం రాలేదు.

మర్నాడు క్లాసులో నిజం చెప్పేశాడు. పిల్లలు తను అనుకున్నంత నవ్వలేదు. బట్టతల సంగతి వాళ్లకి మొదటి రోజే తెలుసట, పుట్టుమచ్చ పెద్దది చేసి చూసుకున్నారట. సార్ బాధపడతాడని ఏఐకి ఒప్పుకున్నారట. అది విన్నాక, నవీన అడిగిన ప్రశ్న కూడా వాళ్లకి చెప్పాడు. "మీ నంబర్లు ఇక్కడి నుంచే బయటికి పోతున్నాయి. నాకు తెలిసి కూడా ఊరుకున్నాను."

క్లాసు నుంచి నేరుగా బుచ్చిబాబు గారి గదికి వెళ్లాడు. ఆయన సమోసా తింటున్నాడు.

"నంబర్లు ఇవ్వడం ఆపెయ్యాలండి."

"ఏంటి రవికాంత్ గారూ, ఈ వీధిలో అందరూ చేసేదే కదా. పైగా చట్టానికి ఇంకా టైముందని మీరే అన్నారు."

"టైముందండి. అడగడానికి మాత్రం టైము అక్కర్లేదు."

ఆ వారం హోంవర్కు ఏమిటంటే, ప్రతి విద్యార్థీ ఇన్‌స్టిట్యూట్‌కి ఒక మెయిల్ పెట్టాలి. నా వివరాలు మీ దగ్గర ఏమున్నాయి, ఎవరికిచ్చారు, ఎప్పుడు చెరిపేస్తారు. మంచి మెయిల్‌కి మంచి మార్కులు. సురేందర్ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి పంపాడు. జవాబు రాలేదని మళ్లీ పంపాడు. పక్క గదుల్లో జావా, అకౌంట్స్ చదివేవాళ్లు కూడా ఎలా రాయాలో వచ్చి అడిగి వెళ్లారు. బుచ్చిబాబు గారు రవికాంత్‌ని పిలిచి చాలా మాటలన్నాడు. తీసేద్దామనుకున్నాడు కూడా. కానీ పిల్లరు కథ వీధంతా పాకి, బట్టతల సార్ క్లాసు ఎక్కడని అడుగుతూ కొత్తవాళ్లు వస్తున్నారు. చివరికి ఈ ఒక్క కోర్సు వాళ్ల నంబర్లు ఎవరికీ ఇవ్వనని ఒప్పుకున్నాడు. మిగతా కోర్సుల గురించి తర్వాత చూద్దామన్నాడు.

ఆ సాయంత్రం రవికాంత్ ఇదంతా సుమశ్రీకి చెప్పాడు, సమోసాతో సహా. సురేందర్ రెండు భాషల మెయిల్ దగ్గర ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు.

"అన్నం వంటింట్లో ఉంది. వడ్డించుకోండి" అంది, నవ్వు తుడుచుకుంటూ.